హెల్మెట్టూ కాదు, బోరు నీళ్లూ కాదు... అంతా రిసెప్టర్ మహిమ!

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు సింహాచలం కొండెక్కి అప్పన్నకి తలనీలాలు ఇచ్చాను. అందరికీ మొక్కు అని చెప్పాగానీ అసలు సంగతి వేరు. ‘ఓసారి గుండు కొట్టించెయ్‌రా, దట్టంగా వస్తాది’ అని మావయ్య ఇచ్చిన సలహా అది. సలహా ఇచ్చిన మావయ్యకే నడినెత్తి మీద అరచెయ్యంత మేర జుట్టు లేదన్న విషయం ఆ క్షణంలో నాకు తట్టలేదు!

మూడు నెలలకి జుట్టు వచ్చింది. ఎక్కడ ఉండేదో అక్కడే వచ్చింది. నుదుటికి రెండు పక్కలా ఖాళీ అయిన చోటు ఖాళీగానే మిగిలింది. గుండు కొట్టేటప్పుడు కత్తి తగిలేది చర్మం పైనున్న భాగానికే. వెంట్రుకని పుట్టించే కుదురు చర్మం లోపల ఉంటుంది. దానికి పైన గుండు కొట్టినట్టు కూడా తెలీదు.

ఇంక ఇంట్లో విచారణ మొదలైంది. నాన్న స్టీల్‌ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ‘హెల్మెట్టు వల్లేరా. నాకూ అలాగే పోయింది’ అన్నారు. అమ్మ లెక్క ప్రకారం తప్పంతా మధురవాడలో నేను అద్దెకున్న ఫ్లాటుది, అక్కడి బోరు నీళ్లది. ఆఫీసులో ఫ్రెండ్స్ నైట్ షిఫ్టులంటారు, టెన్షనంటారు. రోజూ బగ్గులు వెతికే ఉద్యోగం కాబట్టి నాకో అలవాటుంది. ఎవరైనా కారణం చెప్తే, అది ఉన్న ప్రతిచోటా ఫలితం కూడా ఉందా అని చూస్తాను. గాజువాకలో మా పక్కింటి అంకుల్ నాన్నతో పాటే డ్యూటీకి వెళ్లేవారు. అదే హెల్మెట్టు, అదే కొలిమి వేడి. ఆయనకి ఇప్పటికీ రింగుల జుట్టు! బోరు నీళ్లదీ అదే కథ. నేను స్నానం చేస్తే నీళ్లు తలంతా తడుస్తాయి కదా. మరి వెనకా, చెవుల పక్కనా జుట్టు చెక్కుచెదరకుండా ఎలా ఉంది?

సరిగ్గా అదే సమయంలో అనకాపల్లిలో ఉండే మా పిన్ని కూతురికి, అంటే మా చెల్లికి, తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు మొత్తం ఊడిపోయింది. చర్మం నున్నగా, మచ్చ లేకుండా ఉంది. నెల తిరిగేసరికి ఇంకో రెండు చోట్ల. డిగ్రీ రెండో ఏడాది. చున్నీ కప్పుకుని కొన్నాళ్లు కాలేజీకి వెళ్లింది, తర్వాత అదీ మానేసింది.

ఇద్దరం కలిసి ఒక హెయిర్ క్లినిక్‌కి వెళ్లాం. పేరెందుకులెండి. కౌన్సెలర్ అనే అమ్మాయి ఇద్దరి తలల్నీ ఫోనుకి తగిలించిన చిన్న కెమెరాతో చూసి, ఇద్దరికీ ఒకటే ప్యాకేజీ రాసింది. ఎనిమిది సిట్టింగులు, ఒక షాంపూ, బయోటిన్ మాత్రలు, ఈఎంఐ సౌకర్యం. నాది నలభై ఎనిమిది వేలు. చెల్లికి ‘లేడీస్ డిస్కౌంట్’ పోను నలభై రెండు. నేను కట్టేశాను. చెల్లి విషయంలో పిన్ని ‘ఆలోచించుకుని చెప్తాం’ అంది. ఆ ఒక్కమాట వల్ల నలభై రెండు వేలు మిగిలాయి.

ఎందుకంటే మా ఇద్దరివీ వేర్వేరు జబ్బులు. ఆ తేడా అర్థం కావాలంటే రిసెప్టర్ అంటే ఏమిటో తెలియాలి.

బెర్తు దొరికితేనే సరుకు దిగేది

సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా ఓడలు కదలకుండా నిలబడి కనిపిస్తాయి. లోపలికి రమ్మనే పిలుపు కోసం లంగరేసుకుని ఉంటాయి. బెర్తు ఇస్తేనే పోర్టులోకి వస్తాయి. బొగ్గు ఓడకి బొగ్గు దింపే బెర్తు, కంటైనర్ ఓడకి కంటైనర్ బెర్తు. సరైన బెర్తు లేకపోతే ఓడ ఎంత పెద్దదైనా, ఎంత సరుకున్నా ఊళ్లోకి ఒక్క బస్తా దిగదు.

మన ఒంట్లోనూ అంతే. హార్మోన్లు, రోగనిరోధక కణాలు పంపే సంకేతాలు రక్తంలో, కణాల చుట్టూ తిరుగుతూ ఉంటాయి. ప్రతి కణమూ ప్రతి సంకేతానికీ స్పందించదు. ఏ సంకేతానికి తగ్గ బెర్తు ఆ కణంలో ఉంటే దానికే స్పందిస్తుంది. ఆ బెర్తు పేరే రిసెప్టర్. అదొక ప్రొటీను. సంకేతం వచ్చి అందులో సరిగ్గా ఇమిడితే కణం లోపల పని మొదలవుతుంది.

విశాఖ పోర్టుకి ఇన్నర్ హార్బరు, అవుటర్ హార్బరు అని రెండున్నాయి కదా. కణంలోనూ రెండు రకాలున్నాయి. కొన్ని రిసెప్టర్లు కణం పైపొర మీద, బయటికి తిరిగి ఉంటాయి. ఇంకొన్ని లోపలే ఉంటాయి, పొరని దాటి లోపలికి రాగలిగిన సంకేతాల కోసం. నా బట్టతల కథ ఇన్నర్ హార్బర్లో జరిగేది. చెల్లిది అవుటర్ హార్బర్లో.

నా కథ: లోపలి బెర్తు

వెంట్రుక కుదురు అడుగున డెర్మల్ పాపిల్లా అని చిన్న కణాల గుంపు ఉంటుంది. వెంట్రుక ఎంత లావుగా రావాలి, ఎన్నాళ్లు పెరగాలి అన్నది నడిపించేది అదే. మామూలుగా తల మీద వెంట్రుక 2 నుంచి 6 ఏళ్లు పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాలు సర్దుకుని, సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది మొదలవుతుంది. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందరికీ మామూలే.

ఈ పాపిల్లా కణాల్లో ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉంటుంది. మగ హార్మోను టెస్టోస్టిరాన్ అక్కడికి వచ్చాక 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా, పొట్టిగా డీహెచ్‌టీగా, మారుస్తుంది. టెస్టోస్టిరాన్ కన్నా ఈ డీహెచ్‌టీ అదే రిసెప్టర్‌ని మరింత గట్టిగా పట్టుకుంటుంది, ఎక్కువసేపు వదలదు. ఆ జంట కణ కేంద్రకంలోకి వెళ్లి జన్యువులకి ఆదేశాలిస్తుంది. బట్టతల వచ్చే చోట ఆ ఆదేశం ‘పెరిగే కాలం తగ్గించు’ అని. నాలుగేళ్లు పెరగాల్సిన వెంట్రుక రెండేళ్లకే ఆగుతుంది. తర్వాతది ఇంకా తక్కువ, ఇంకా సన్నం. చివరికి కనీకనపడని నూగులా మిగులుతుంది. అంటే బట్టతలలో వెంట్రుకలు ఊడిపోవడం కంటే చిన్నబోవడం ఎక్కువ. దువ్వెనకి వచ్చినవి లెక్కపెట్టి లాభం లేదు, అవి ఎంత సన్నగా ఉన్నాయో చూడాలి.

తమాషా ఏంటంటే, ఇదే డీహెచ్‌టీ, ఇదే రిసెప్టర్ గడ్డంలో ఉంటే ‘లావుగా పెరుగు’ అని చెప్తాయి! బట్టతలవాళ్లకి గుబురు గడ్డం ఉండటంలో వింతేం లేదు. ఆ రెండు చోట్లా కణాలు ఒకే ఆదేశాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకుంటాయి. తల వెనక కుదుళ్లయితే దాన్ని పెద్దగా పట్టించుకోవు. 1959లో న్యూయార్క్ డాక్టరు నార్మన్ ఒరెంట్రైక్ చూపించింది ఇదే. వెనక కుదుళ్లని తీసి ముందు నాటితే అవి ముందుకొచ్చినా వెనకటి బుద్ధే చూపిస్తాయి, రాలవు. ఇవాళ్టి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ వ్యాపారమంతా ఈ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉంది. నా స్నానం ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరికింది.

హార్మోను పాత్ర ఉందని ఇంకా ముందే, 1942లో, జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చెప్పాడు. యుక్తవయసు రాకముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకి బట్టతల రావడం లేదని గమనించాడు. వాళ్లకి టెస్టోస్టిరాన్ ఇస్తే, ఇంట్లో బట్టతల ఉన్నవాళ్లకి అది మొదలైంది. హార్మోను ఒక్కటే కారణమైతే ఇచ్చిన అందరికీ రావాలి కదా. అంటే ఓడతో పాటు బెర్తు కూడా లెక్కలోకి వస్తుంది. ఆండ్రోజెన్ రిసెప్టర్ అసలు పనిచేయకుండా పుట్టేవాళ్లు కొందరుంటారు. వాళ్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ ఎంతున్నా ఈ రకం బట్టతల రాదు.

ఆ రిసెప్టర్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మగపిల్లలకి ఎక్స్ వచ్చేది అమ్మ నుంచే. అందుకే ‘మేనమామ పోలిక’ అనే మాటలో కొంత నిజముంది. కానీ పూర్తిగా కాదు. మావయ్య ఎక్స్ అమ్మమ్మ నుంచి వచ్చింది. అమ్మకి ఒకటి అమ్మమ్మ నుంచి, ఒకటి తాతయ్య నుంచి. వాటిలో ఏ ముక్క నాకొచ్చిందన్నది లాటరీ. పైగా బట్టతలలో వేరే జన్యువులు చాలా ఉన్నాయి, అవి నాన్న వైపు నుంచీ వస్తాయి. కాబట్టి నాన్నా, హెల్మెట్టుని వదిలెయ్యండి.

కరీబియన్ పల్లె నుంచి హైదరాబాద్ దాకా

ఇప్పుడు మందు సంగతి. 1974లో జూలియాన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ అనే డాక్టరు బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల గురించి సైన్స్ పత్రికలో రాసింది. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, ఆడపిల్లలుగానే పెరిగి, పన్నెండేళ్లు దాటాక మగపిల్లలుగా మారుతున్నారు. వాళ్లకి లేనిది ఆ 5-ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైమే. టెస్టోస్టిరాన్ ఉంది, రిసెప్టర్ ఉంది, డీహెచ్‌టీ మాత్రం బాగా తక్కువ. పెద్దయ్యాక వాళ్లలో ప్రోస్టేట్ చిన్నగానే ఉంది, నుదుటి దగ్గర జుట్టు వెనక్కి పోలేదు.

మెర్క్ కంపెనీ దీన్ని పట్టుకుని ఆ ఎంజైమ్‌ని ఆపే ఫినాస్టెరైడ్ తయారుచేసింది. 1992లో ప్రోస్టేట్ వాపుకి ప్రోస్కార్ పేరుతో, 1997లో బట్టతలకి 1 మిల్లీగ్రామ్ ప్రొపీషియా పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రోస్కార్ పేటెంటు గడువు తీరిన 2006లో మెర్క్‌తో ఒప్పందం చేసుకుని అక్కడ ఆ జనరిక్‌ని అమ్మింది ఎవరో కాదు, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్. రోజూ దువ్వాడ సెజ్ బస్సుల మీద చూసే పేరే.

గమనించండి, ఫినాస్టెరైడ్ రిసెప్టర్ జోలికే వెళ్లదు. బెర్తుకి వచ్చే ఓడల్ని తగ్గిస్తుంది, అంతే. రక్తంలో డీహెచ్‌టీ సుమారు 70 శాతం పడిపోతుంది. ఫలితం కనపడటానికి నెలలు పడుతుంది. మానేస్తే ఏడాదిలోపు మళ్లీ మొదటికొస్తుంది. కొద్దిమందికి లైంగిక సమస్యలు వస్తాయి. 2025లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ, ఈ మాత్రలు వాడినవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు కూడా ఒక దుష్ప్రభావమేనని నిర్ధారించింది. డిప్రెషన్ ఉన్నవాళ్లు, గతంలో ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకి దాచకూడదు. గర్భిణులు విరిగిన మాత్రని ముట్టుకోకూడదు, కడుపులోని మగబిడ్డ ఎదుగుదలకి దెబ్బ. జగదాంబ జంక్షన్‌లో మెడికల్ షాపువాడిని అడిగి కొనుక్కునే సరుకు కాదిది.

మినాక్సిడిల్ దారి ఇంకొకటి. 1979లో బీపీ మాత్రగా వచ్చింది. వేసుకున్నవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి తలకి రాసే మందుగా మార్చారు, 1988లో అనుమతి వచ్చింది. దీనికి ఆండ్రోజెన్ రిసెప్టర్‌తో సంబంధం లేదు. చర్మంలోని ఒక ఎంజైము దాన్ని చురుకైన రూపంలోకి మారిస్తేనే పనిచేస్తుంది. కొందరికి అసలు పనిచేయకపోవడానికి ఆ ఎంజైము తక్కువుండటం ఒక కారణం. మొదటి వారాల్లో జుట్టు ఇంకా రాలుతుంది, అది చూసి భయపడి మానేసిన రూమ్మేట్లు నాకు ఇద్దరున్నారు.

మరి నేరుగా రిసెప్టర్‌నే మూసేస్తే? చర్మం మీద మాత్రమే అలా పనిచేసే క్లాస్కోటెరోన్ అనే క్రీముకి 2020లో అమెరికాలో మొటిమల కోసం అనుమతి వచ్చింది. బట్టతల మీద కూడా పరీక్షలు చేస్తున్నారు.

చెల్లి కథ: పురుగు కొరకలేదు

రూపాయి బిళ్లంత మేర జుట్టు పోతే మన దగ్గర పేనుకొరుకుడు అంటారు. రాత్రి నిద్రలో ఏదో పురుగు కొరికిందని నమ్మకం. అమ్మమ్మ గురివింద గింజ అరగదీసి పూసింది. రెండ్రోజులకి అక్కడ బొబ్బలెక్కి రసి కారింది. గురివింద గింజలో అబ్రిన్ అనే విషం ఉంది, చాలా ప్రమాదకరమైనది. ‘మా కాలంలో దాంతోనే వచ్చేది’ అని అమ్మమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. అబద్ధం చెప్పడం లేదు పాపం. చిన్న మచ్చల్లో సుమారు సగం ఏడాదిలోపు వాటంతట అవే పూడిపోతాయి. పూసిన పసరుకి పేరొస్తుంది.

దీని వైద్యం పేరు అలొపీసియా ఏరియేటా. సుమారు 2 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అంచనా. 2022 ఆస్కార్ వేదిక మీద విల్ స్మిత్ చెంపదెబ్బ గుర్తుందా? అతని భార్య జాడా జుట్టు మీద జోకు వేసినందుకే కదా కొట్టాడు. ఆమెది అలొపీసియానే.

ఇక్కడ పురుగూ లేదు, డీహెచ్‌టీ పాత్రా లేదు. మామూలుగా వెంట్రుక కుదురు మన రోగనిరోధక సైన్యానికి కనపడకుండా దాక్కుని ఉంటుంది. ఏదో కారణంతో ఆ తెర తొలగితే, టీ కణాలు కుదురుని శత్రువు అనుకుని చుట్టుముడతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెటీగల గుంపులా కనిపిస్తాయట. ఈ టీ కణాల మీద ఎన్‌కేజీ2డీ అనే రిసెప్టర్ ఉంటుంది. ‘నేను ఆపదలో ఉన్నాను’ అని కుదురు బయట పెట్టే జెండాని పట్టుకునేది అదే. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఏంజెలా క్రిస్టియానో బృందం 2010లో ఈ జెండాకి సంబంధించిన జన్యువుల్ని పట్టుకుంది. ఆమెకే ఈ జబ్బు ఉంది.

2014లో అదే బృందం తర్వాతి మెట్టు చూపించింది. టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం వదులుతాయి. అది కుదురు కణాల పైపొర మీదున్న రిసెప్టర్‌కి తగులుకుంటుంది. అవుటర్ హార్బర్ అన్నాను కదా. బయట దిగిన సరుకుని లోపలికి చేరవేసే కన్వేయర్ బెల్టు లాంటిది జాక్ అనే ఎంజైముల జట్టు, రిసెప్టర్ తోకకి అంటుకుని ఉంటుంది. కుదురు అప్పుడు ఐఎల్-15 అనే ఇంకో సంకేతం వదిలి టీ కణాల్ని ఇంకా ఉసిగొల్పుతుంది. వాటి లోపలా అదే జాక్ బెల్టు. ఆ బెల్టు ఆపేస్తే ఈ రెండువైపుల రచ్చ ఆగుతుంది. ఎలుకల్లో ఆపి చూశారు, జుట్టు వచ్చింది. చెంపదెబ్బ జరిగిన మూడు నెలల్లోపే, 2022 జూన్‌లో, తీవ్రమైన అలొపీసియా ఏరియేటాకి బారిసిటినిబ్ అనే జాక్ మందుని అమెరికా అనుమతించింది.

బారిసిటినిబ్ పేరు మనకి కొత్తేం కాదు. 2021 మే, కరోనా రెండో వేవ్. ఆస్పత్రుల్లో బెడ్లు లేవు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పుతున్న రోగుల కోసం అదే మందు కావాల్సొచ్చింది. మందు హక్కులు ఎలి లిల్లీ చేతిలో ఉన్నాయి. హైదరాబాద్‌కి చెందిన నాట్కో ఫార్మా కంపల్సరీ లైసెన్సు కోసం పేటెంటు కార్యాలయానికి దరఖాస్తు పెట్టింది. రోజుల్లోనే లిల్లీ దిగొచ్చి, కరోనా వాడకానికి రాయల్టీ లేకుండా స్వచ్ఛంద లైసెన్సు ఇచ్చింది. నాట్కో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. జుట్టు కోసం వెతికితే ఆ రోజుల వార్త ఎదురవుతుందని నేననుకోలేదు.

అయితే జాక్ మందులు రోగనిరోధక శక్తినే తగ్గిస్తాయి. ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలున్నాయి. మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష తప్పనిసరి. మానేస్తే చాలామందికి జుట్టు మళ్లీ పోతుంది. అందుకే వాటిని దాచిపెట్టేది తీవ్రమైన కేసుల కోసం. చెల్లికి ఉన్నవి మూడు మచ్చలే. ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో పది రూపాయల చీటీ కూడా అవసరం లేకుండా చూసిన డాక్టరమ్మ, మచ్చ అంచున వెంట్రుకల్ని చూసి ఒక్క నిమిషంలో చెప్పేసింది. మొదలు సన్నగా, చివర లావుగా, ఆశ్చర్యార్థకం గుర్తులా ఉన్నాయి. మచ్చల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నాలుగేసి వారాలకోసారి. థైరాయిడ్ పరీక్ష కూడా రాసింది, ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి అదీ ఉంటుంది కాబట్టి. ‘బయోటిన్ మాత్రలు ఏమైనా వాడుతున్నావా? అవి థైరాయిడ్ రిపోర్టుని తప్పు చూపిస్తాయి’ అని అడిగింది. చెల్లి నావైపు చూసింది. నా ప్యాకేజీలోవి సగం డబ్బా తనకిచ్చింది నేనే.

మూడో రకం గురించి ఒక్కమాట. డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్, కటిక డైటింగ్ తర్వాత రెండు మూడు నెలలకి గుప్పెళ్లతో రాలుతుంది. భయం వేసేది దీనికే, కానీ అసలు భయం అక్కర్లేనిది ఇదే. ఒకేసారి ఎక్కువ కుదుళ్లు విశ్రాంతిలోకి పోతాయి, అంతే. ఐరన్, థైరాయిడ్ సరిచూసుకుంటే చాలామందికి ఆరు నెలల్లో సర్దుకుంటుంది. వానాకాలం తర్వాత మన వైజాగ్‌లో ‘నీళ్ల వల్ల రాలుతోంది’ అనేవాళ్లలో, జూలైలో జ్వరమొచ్చిందా అని అడిగి చూడండి.

నేను డాక్టరు పర్యవేక్షణలో మాత్ర మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. పోయిన చోట కొత్తగా పెద్దగా రాలేదు. ఉన్నది నిలబడింది. ఈఎంఐ ఇంకో రెండు నెలలుంది.

చెల్లికి మూడో ఇంజెక్షన్ తర్వాత మచ్చల్లో నూగు మొదలైంది. తెల్లగా! ఈ జబ్బు తగ్గేటప్పుడు రంగు తర్వాత వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అమ్మమ్మకి ఆ సంగతి చెప్పడం మర్చిపోయాం. మొన్న ఆదివారం తల దువ్వుతూ చూసి, ‘ఇదేటే బాబూ, ఇరవై ఏళ్లకే ముసిల్దానివైపోయావేటి’ అని గాభరా పడింది. చెల్లి పడీపడీ నవ్వుతుంటే చేతిలో దువ్వెన పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.